పిల్లి నీళ్ల ఫౌంటెన్‌లో జిగురు ఎలా వదిలిందంటే

మా పిల్లి తాగడానికి చిన్న పంపుతో నీళ్లు తిరుగుతుండే ఫౌంటెన్‌లో నీళ్లు మార్చిన రెండో రోజుకే అడుగున వేలు పెడితే జర్రున జారేది. పంపు గుర్రుమనేది, ధార సన్నబడేది. పిల్లేమో దాన్ని వదిలేసి బాత్రూం బకెట్ దగ్గరికి చేరేది. ఫిల్టర్ మార్చా, సబ్బుతో తోమా, మా బ్రాడీపేట బోరు నీళ్లు మాని క్యాన్ నీళ్లు పోశా. ఊహూఁ.

అసలు దొంగ పంపు లోపల ఉన్నాడు.

ప్లగ్ తీసేసి, పంపు బయటికి లాగి, ముందు మూత గోటితో ఊడదీశా. లోపల చిన్న ఫ్యాన్ లాంటిది, దాని వెనక అయస్కాంతం. రెక్క పట్టుకుని గట్టిగా లాగితేగానీ రాలేదు, విరిగిందేమోనని హడలిపోయా. ఇరుసుకి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. ఆ ఫ్యాన్ కూర్చునే గుంటలో నల్లటి జిగురు! తుడిస్తే నాలుగు ఇయర్ బడ్స్ నల్లబడ్డాయి. తర్వాత లీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఫిల్టర్ తప్ప మిగతా ముక్కలన్నీ అరగంట నానబెట్టా. తెల్లటి సున్నం పొర దానంతటదే వదిలింది. బాగా కడిగి, ఉత్త నీళ్లతో పది నిమిషాలు తిప్పి, అవి పారబోసి కొత్తవి పోశా. నిమ్మ ఉప్పులో బ్లీచింగ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు వారానికోసారి ఇదే పని. నెలన్నరగా జిగురు లేదు. మాది స్టీలుది. ప్లాస్టిక్‌దైతే గీతల్లో జిగురు దాక్కుంటుంది కాబట్టి ఇంత తేలిగ్గా వదలకపోవచ్చు. పంపు విప్పే తీరూ మోడల్‌ని బట్టి మారుతుంది.

పిల్లి బకెట్ అలవాటు మాత్రం ఇంకా మానలేదు.