నెల్లూరు ముసుర్లో ఫెర్రోఎలక్ట్రిక్ పాలిమర్ ఫిల్మ్ వేసి క్యూరీ పాయింట్ కొలిచేది ఎట్టా

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకునే పిల్లలకి రాస్తన్నా. ఫెర్రోఎలక్ట్రిక్ అంటే బయట ఫీల్డ్ తీసేసినా లోపల పోలరైజేషన్ నిలిచుండి, ఫీల్డ్ తిప్పితే అదీ తిరిగే పదార్థం, ఆ గుణం పోయే ఉష్ణోగ్రతే క్యూరీ పాయింట్. ముందే ఒక మాట, పల్చటి ఫిల్మ్‌లో ఏదన్నా వింత కనపడగానే సైజ్ ఎఫెక్ట్ (పల్చనవడం వల్లే గుణం మారడం) అని రాసేయబాకండి, నూటికి తొంభైసార్లు అది తేమో ఎలక్ట్రోడో అనీలింగో (ఫిల్మ్‌ని వేడిలో ఉంచడం) అయ్యుంటది.

మెటీరియల్ విషయానికొస్తే ఉత్త పీవీడీఎఫ్ (పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ అనే పాలిమర్) కొనబాకండి. 1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయ్ దాంట్లో పీజోఎలక్ట్రిసిటీ (నొక్కితే చార్జ్ పుట్టడం) చూపించాడు, నిజమే, కానీ వేసే తీరుని బట్టి అది చాలాసార్లు పోలార్ కాని ఆల్ఫా ఫేజ్ అనే క్రిస్టల్ రూపంలోకే పోతది, పైగా క్యూరీ పాయింట్ కనపడేలోపే 170 డిగ్రీల దగ్గర కరిగిపోతది. టీఆర్ఎఫ్ఈ (ట్రైఫ్లోరోఇథిలీన్) కలిసిన కోపాలిమర్, పీవీడీఎఫ్ భాగం 70, టీఆర్ఎఫ్ఈ 30 ఉండే 70:30ది తీసుకోండి. దాంట్లో చైన్ నిటారుగా ఉండి ఫ్లోరిన్లు ఎక్కువగా ఒక పక్క, హైడ్రోజన్లు ఎక్కువగా ఇంకో పక్క ఉంటాయి, అదే డైపోల్ (ఒక పక్క ప్లస్, ఇంకో పక్క మైనస్). 100 డిగ్రీల చుట్టుపక్కల చైన్ మెలికలు తిరిగి డైపోల్స్ చెదిరిపోతాయి, అంటే పారాఎలక్ట్రిక్ (ఫీల్డ్ లేకపోతే పోలరైజేషన్ లేనిది) అయిపోద్ది, కరగడం మాత్రం 150 దగ్గర, కాబట్టి ఈ మార్పుని, అంటే ట్రాన్సిషన్‌ని, తీరిగ్గా చూడొచ్చు.

ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) సాల్వెంట్‌లో పాలిమర్‌ని 2 నుంచి 4 శాతం బరువుకి కలిపి రాత్రంతా స్టిర్రర్ మీద వదిలేసి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఫిల్టర్‌తో వడకట్టండి, ఎంఈకే తొందరగా నిప్పంటుకుంటది కాబట్టి ఫ్యూమ్ హుడ్ కిందే చేయాల, హాట్‌ప్లేట్ మీద తెరిచి పెట్టబాకండి. కింది ఎలక్ట్రోడ్ పట్టీ ఉన్న గ్లాసు ముక్క మీద స్పిన్ కోట్ చేస్తే, అంటే గిర్రున తిప్పి పల్చగా పరిస్తే, సుమారు 100, 200 నానోమీటర్లు వస్తది, కచ్చితంగా ఎంతొచ్చిందో ప్రొఫైలోమీటర్‌తో (మందం కొలిచే సాధనం) కొలుచుకోవాల్సిందే.

ఇక అసలు తలనొప్పి మన వాతావరణం. నవంబర్‌లో వాయుగుండం పట్టి ముసురు మొదలైందంటే గదిలో తేమ 80, 90 శాతం ఉంటది, ఆ గాల్లో స్పిన్ చేస్తే సాల్వెంట్ ఆరేలోపు నీటి ఆవిరి లోపలికి దూరి పాలిమర్‌ని సాల్వెంట్ నుంచి విడగొట్టేస్తది, ఫిల్మ్ తెల్లగా మసకబారి సన్న సన్న రంధ్రాలు పడతాయి, పైన అల్యూమినియం వేయగానే షార్ట్! ఏసీ వేసినంత మాత్రాన సరిపోదు, స్పిన్నర్ మూతలోకి డ్రై నైట్రోజన్ వదలండి, అది లేకపోతే తేమ తగ్గే రోజు దాకా ఆగండి. 40 శాతం లోపు ఉంటే దిగులు లేదు. గ్లాసు ముక్క ఎండలో పట్టి చూస్తే అద్దంలా ఉండాల, పాలరంగు కనపడితే దాన్ని పారేసి ఇంకోటి వేసుకోండి, కొలిచి టైం వేస్ట్.

అనీలింగ్ 135 డిగ్రీల దగ్గర రెండు గంటలు, పై ఎలక్ట్రోడ్ వేయకముందే. క్యూరీ పాయింట్‌కి పైన, మెల్టింగ్‌కి కింద ఉండాల, అక్కడే క్రిస్టల్స్ బాగా పెరుగుతాయి. 150 దాటించారంటే కరిగి మళ్ళీ గడ్డకట్టేటప్పుడు చైన్లు అడ్డదిడ్డంగా తిరిగి పోలరైజేషన్ పడిపోద్ది. హాట్‌ప్లేట్ డిస్‌ప్లేని నమ్మబాకండి, థర్మోకపుల్ గ్లాసు మీద ఆనించి చూసుకోండి.

పై ఎలక్ట్రోడ్‌ని ఫిల్మ్ లేని ఖాళీ గ్లాసు మీదికి లాగి అక్కడ వైరు అతికించండి, ఎందుకంటే సిల్వర్ పేస్ట్‌లో ఉండే సాల్వెంట్ ఫిల్మ్‌నే తినేస్తది. కింది, పై ఎలక్ట్రోడ్ పట్టీలు రెండూ 1 మి.మీ. వెడల్పుతో ఒకదాన్నొకటి అడ్డంగా దాటితే ఏరియా 0.01 చదరపు సెం.మీ.

లూప్‌కి (వోల్టేజీకి ఎదురుగా పోలరైజేషన్ గీసే గీత) సాయర్-టవర్ సర్క్యూట్ చాలు, అంటే శాంపిల్‌కి వరసలో తెలిసిన కెపాసిటర్ పెట్టి దాని మీద వోల్టేజీ చూడటం. కోయెర్సివ్ ఫీల్డ్ (పోలరైజేషన్‌ని తిప్పడానికి కావాల్సినది) మైక్రోమీటర్‌కి 50 వోల్టుల లెక్కన 100 నానోమీటర్లకి 5 వోల్టులు, నిండుగా తిరగాలంటే 12, 15 ఇయ్యాల. రెమనెంట్ పోలరైజేషన్ (వోల్టేజీ తీసేసినా మిగిలేది) చదరపు సెం.మీ.కి 7 మైక్రోకూలంబ్ అనుకుంటే అటు నుంచి ఇటు తిరిగే చార్జ్ 0.14 మైక్రోకూలంబ్, 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద 0.3 వోల్టు, ఏ స్కోప్‌లో అయినా కనపడతది. గుండ్రంగా ఉబ్బిన లూప్ వచ్చిందని సంబరపడబాకండి, 2008లో ఫిజిక్స్ శాస్త్రవేత్త జె.ఎఫ్. స్కాట్ అరటితొక్కకి కరెంటిచ్చి అట్టాంటి లూపే తీసి చూపించాడు, అది ఉత్త లీకేజీ. ఫ్రీక్వెన్సీ తగ్గించేకొద్దీ లూప్ ఇంకా ఉబ్బితే మీది కూడా తొక్కే.

ట్రాన్సిషన్‌కి ఎల్‌సీఆర్ మీటర్ (కెపాసిటెన్స్ కొలిచేది) 1 కిలోహెర్ట్జ్‌లో, 0.1 వోల్టుతో పెట్టి నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 120 దాకా తీసుకెళ్ళి మళ్ళీ దించండి, కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాల. వేడి ఎక్కేటప్పుడు కెపాసిటెన్స్ శిఖరం 100 దగ్గర, దిగేటప్పుడు 60, 70 దగ్గర వస్తది, మీటర్ చెడిపోలేదు, ఫస్ట్ ఆర్డర్ ట్రాన్సిషన్ (ఒక్కసారిగా జరిగే మార్పు) అంటే అంతే. రిపోర్టులో రెండూ రాయండి, మొదటి రన్, రెండో రన్ విడివిడిగా చూపించండి.

ఇప్పుడు 100 నానోమీటర్ల కిందికి దిగితే పోలరైజేషన్ తగ్గి కోయెర్సివ్ ఫీల్డ్ పెరుగుతది, స్పిన్ ఫిల్మ్‌లో అది చాలావరకు క్రిస్టల్స్ సరిగ్గా పెరగక. పల్చన అయినంత మాత్రాన ఫెర్రోఎలక్ట్రిసిటీ చావదు, 1998లో నెబ్రాస్కా (అమెరికా), మాస్కో శాస్త్రవేత్తలు కలిసి, నీటి మీద తేలే పొరని ఎత్తి వేసే లాంగ్‌మ్యూర్-బ్లాడ్జెట్ పద్ధతిలో 1 నానోమీటర్ ఫిల్మ్‌లో కూడా ఫెర్రోఎలక్ట్రిసిటీ చూపించారు. అందుకని ఒకే ఎలక్ట్రోడ్‌తో మూడు నాలుగు మందాలు వేసి, మందానికి ఎదురుగా 1/సి (సి అంటే కెపాసిటెన్స్) గ్రాఫ్ గీయండి, గీత సున్నా గుండా పోకుండా పైన తగిలితే ఎలక్ట్రోడ్ దగ్గర డెడ్ లేయర్ (ఫెర్రోఎలక్ట్రిక్‌గా పనిచేయని పొర) ఉండాదన్నమాట, ముందు దాన్ని లెక్కలోంచి తీసేసి అప్పుడు మందం గురించి మాట్లాడండి.