పురుగుల మందు కేసులో తలకి స్కాన్: ఎప్పుడు, ఏది, ఎలా

మదనపల్లె, చింతామణి వైపు నుంచి టమాటా తోటలో మందు కొడుతూ పడిపోయినవాళ్లనో, ఏదో బాధలో తాగేసినవాళ్లనో బెంగళూరు తెచ్చే మనవాళ్లు ముందు అడిగేది తలకి స్కానింగ్ తీయమనే. మా బాబాయిని తెచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. ఆ తొందర వద్దు. స్కాన్‌లో విషం కనపడదు, ఊపిరి సరిగా ఆడక మెదడుకి ఆక్సిజన్ తగ్గితే జరిగిన నష్టం కనపడుతుంది, అదీ అన్నిసార్లూ కాదు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటివైతే ముందు విరుగుడు మందు అట్రోపిన్, ఆక్సిజన్ పడాలి, అవసరమైతే వెంటిలేటర్ పెట్టాలి. ఊళ్లోంచి నేరుగా బెంగళూరు పరిగెత్తకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రిలో అవి మొదలుపెట్టించండి.

మందు డబ్బా చేతికి అంటకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి తెండి, కుదరకపోతే లేబుల్ ఫొటో తీయండి. ఎన్నింటికి జరిగింది, ఎంతసేపు స్పృహలో లేడు, ఫిట్స్ వచ్చాయా, ఊపిరి ఆగిందా అన్నది కాగితం మీద రాసి డాక్టర్‌కి ఇవ్వండి. స్కాన్ ఫారం మీద ఆ వివరాలుంటే స్కాన్ చూసి రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్‌కి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

పడినప్పుడు తలకి దెబ్బ తగిలిందా, రక్తం గడ్డకట్టిందా అని చూడటానికి సీటీ చాలు, నిమిషాల్లో అయిపోతుంది. కానీ మొదటి గంటల్లో సీటీ నార్మల్ వచ్చిందని మెదడుకి ఏమీ కాలేదనుకోకండి. ఆక్సిజన్ అందక జరిగిన నష్టం ఎమ్మారైలో, అందులోనూ డిఫ్యూజన్ అనే భాగంలో, మొదటి కొద్దిరోజుల్లో బాగా తెలుస్తుంది. ఎక్కువగా దెబ్బతినేవి కదలికల్ని సరిచూసే బేసల్ గాంగ్లియా, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్. ఇంకో మాట, మనిషి గాల్లో ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తూ సంబంధం లేకుండా మాట్లాడుతుంటే టెన్షన్ పడకండి, అట్రోపిన్ ఎక్కువైనా అలా ఉంటుంది, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ఎమ్మారైకి ముందు ఒంటిమీద లోహమేదీ ఉండకూడదు. మెట్టెలు, ముక్కుపుడక అందరికీ గుర్తుంటాయి. మా బాబాయి మొలతాడుకి ఒక పిన్నీసు, బీరువా తాళంచెవి ఉన్నాయి, గది గుమ్మం దగ్గర టెక్నీషియన్ నడుము తడిమి చూశాడు కాబట్టి సరిపోయింది. అరగంట వరకూ పెద్ద చప్పుడులో కదలకుండా పడుకోవాలి, కదిలే మనిషికి మత్తు కావాలేమో ముందే అడగండి. వెంటిలేటర్ మీదుంటే ఎమ్మారై గదికి పనికొచ్చే వెంటిలేటర్ ఉందా అన్నది తేలాకే కదిలించాలి. స్కాన్ స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ అనే మందు నరంలోకి ఇస్తామంటే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ చూపించండి.

స్కాన్‌కి అందనివీ ఉన్నాయి. విషం ఒంట్లోకి వెళ్లిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో దిండు మీంచి తల ఎత్తలేకపోతున్నానంటే నర్సుని కేకేయండి, అది నరానికీ కండరానికీ మధ్య వచ్చే బలహీనత, ఊపిరి కూడా ఆగిపోవచ్చు.

ఇంటికి పంపేటప్పుడు ఫిల్మ్‌తో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, తర్వాత హోసూరు రోడ్డులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించాల్సి వచ్చినా పనికొస్తుంది. తాగి బతికిన మనిషైతే డిశ్చార్జికి ముందే సైకియాట్రీ డాక్టర్‌తో మాట్లాడించండి, ఇంటికెళ్లాక మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. విషం ఒంట్లోకి వెళ్లిన ఒకటి నుంచి మూడు వారాల్లో అరికాళ్లు మొద్దుబారినా, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా మళ్లీ తలకి ఎమ్మారై అని పరిగెత్తకండి, దానికి చేయించాల్సింది కాళ్ల నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే కండక్షన్ టెస్ట్.