వేగం విమానం చేతికి తీసుకునే ముందు

రిమోట్‌తో నడిపే మోడల్ విమానాల్లో, నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిదానమైన ట్రైనర్‌ను ఒకటి రెండేళ్లు హాయిగా ఎగరేసి, ఇక దూసుకెళ్లేది ఒకటి కావాలనిపించి కొనుక్కున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డబ్బా విప్పేశారు, రెక్కలు బిగించేశారు, రేపో ఎల్లుండో మైదానానికి తీసుకెళ్తారు. అంతకుముందు ఒక్క పది నిమిషాలు దీనికి కేటాయించండి.

ముందు చిన్న లెక్క. రెండు కిలోల మోడల్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు దానిలో ఉండే శక్తి దాదాపు 190 జౌల్స్. అదే మోడల్ 200 వేగంతో వెళ్తే 3,000 జౌల్స్ దాటిపోతుంది. వేగం నాలుగింతలైతే దెబ్బ పదహారింతలు. ఇంకోలా చెప్పాలంటే, గాలి అడ్డు లేదనుకుంటే, యాభై అంతస్తుల మేడ మీద నుంచి రెండు కిలోల రాయి జారిపడినట్టు. ఇక టైమ్ సంగతి. 200 వేగంలో విమానం ఒక్క సెకనుకు 55 మీటర్లు పోతుంది. పక్కవాళ్లు పిలిచారని రెండు సెకన్లు తల తిప్పితే 110 మీటర్లు. ట్రైనర్‌తో ఏదైనా తేడా వస్తే ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది. ఇక్కడ ఉండదు. కాబట్టి ఆలోచించాల్సిందంతా నేల మీదే, ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు గురించి చెప్తాను.

నాది ఫైబర్ బాడీ ఉన్న రేసింగ్ మోడల్. రెక్కల వెడల్పు 1.2 మీటర్లు, బరువు కిలోన్నర. ఆ సాయంత్రం అప్పటికే మూడు ఫ్లైట్లు అయిపోయాయి. సర్దేసుకుందాం అనుకుంటూ, ఇంకో బ్యాటరీ నిండుగా ఉంది కదా అని నాలుగోసారి లేపాను. సూర్యుడు చెట్ల మీదకు దిగాడు. విమానాన్ని దూరంగా తిప్పుకొస్తుంటే సరిగ్గా ఎండకు అడ్డం పడి ఒక్క క్షణం మాయమైంది. మళ్లీ కనబడేసరికి అదొక నల్లటి గీత. ఎడమకు వాలి ఉందో కుడికి వాలి ఉందో తెలియలేదు. కుడికి వాలిందనుకుని సరిచేశాను. అది తప్పు. ముక్కు మా వైపు తిరిగింది.

మాకూ దానికీ మధ్య ఖాళీ గడ్డి చాలానే ఉంది. ఆ క్షణంలో థ్రాటిల్ (మోటార్ వేగం పెంచి తగ్గించే స్టిక్) జీరో చేసి విమానాన్ని అక్కడే నేలకు కొట్టేయాలి. చెయ్యి రాలేదు. మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని కట్టుకున్నది. పైకి లాగాను. అది మా వెనక కుర్చీలో కూర్చుని ఉన్న ఒక కుర్రాడి తల మీదుగా మూరెడు ఎత్తులో పోయింది. అతను ఒళ్లో కాగితం పెట్టుకుని బ్యాటరీ సెల్ వోల్టేజీలు రాసుకుంటున్నాడు. అతను తల ఎత్తేలోపే విమానం దాటిపోయింది. కాగితం గాలికి లేచి కింద పడింది. అతను దాన్ని తీసుకుని దులిపి మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు, ఏం జరిగిందో తెలియకుండానే.

విమానం క్షేమంగా దిగింది. భలే కాపాడావు అని చుట్టూ ఉన్నవాళ్లు భుజం తట్టారు. నా కాళ్లు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. నేను కాపాడుకున్నది విమానాన్ని. మనిషిని కాపాడే అవకాశం చేతిలో ఉండగా దాన్ని వదిలేసి విమానాన్ని కాపాడుకున్నాను.

అందుకే మొదటి జాగ్రత్త ఇది. ఎగరేసే ప్రతిసారీ, లేపడానికి ముందు, పైకి వినబడేలా అనుకోండి: ఎటు వాలిందో తెలియకపోతే థ్రాటిల్ జీరో, మనుషుల వైపు తిరిగితే ఖాళీ నేల మీద కొట్టేస్తాను. ఆ ఖాళీ నేల ఎక్కడో వేలితో చూపించుకోండి. మొదట్లో ఇబ్బందిగా అనిపిస్తుంది, పక్కవాళ్లు చూస్తారు. చూడనివ్వండి. విమానం పోతే పోతుందని నేల మీద ఒప్పుకోని మనసు గాల్లో అస్సలు ఒప్పుకోదు.

థ్రాటిల్ ఆపేస్తే ప్రమాదం ఆగిపోతుందని కూడా అనుకోవద్దు. నున్నటి బాడీ ఉన్న మోడల్ మోటార్ ఆగాక కూడా చాలా దూరం అదే ఊపులో పోతుంది. 2021లో అమెరికాలో స్పెన్సర్ లిసెన్‌బీ అనే ఆయన కొండ వెనక గాలి తేడాను వాడుకుంటూ ఇంజనే లేని గ్లైడర్‌ను గంటకు 882 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లాడు. టర్బైన్ (జెట్) ఇంజన్ మోడల్‌కు 2017లో జర్మనీలో నమోదైన రికార్డే 749. అంటే ఇంజన్ లేనిది ఇంజన్ ఉన్నదాన్ని మించిపోయింది. థ్రాటిల్ జీరో చేయడం సగం పని మాత్రమే, ముక్కు ఎటుందన్నది మిగతా సగం.

ఫెయిల్‌సేఫ్

మన చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి సిగ్నల్ తెగిపోతే విమానం ఏం చేయాలో, అందులోని రిసీవర్‌కు ముందే చెప్పి పెట్టడమే ఫెయిల్‌సేఫ్. చాలామంది దీన్ని పెట్టామనుకుంటారు కానీ పరీక్షించరు. కొన్ని రిసీవర్లు సిగ్నల్ పోతే చివరిగా అందిన ఆర్డర్‌నే పట్టుకుని ఉంటాయి. ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా తెగితే ఫుల్ థ్రాటిల్‌లోనే వెళ్లిపోతుంది. ఇంకొన్ని, బైండ్ చేసేటప్పుడు (ట్రాన్స్‌మిటర్‌తో జత చేసేటప్పుడు) థ్రాటిల్ స్టిక్ ఎక్కడుందో దాన్నే గుర్తుపెట్టుకుంటాయి. స్టిక్ మధ్యలో ఉంచి బైండ్ చేశారా, సిగ్నల్ పోగానే మోటార్ సగం స్పీడులో తిరుగుతూనే ఉంటుంది.

పరీక్ష చాలా తేలిక. ప్రొపెల్లర్ తీసేయండి. విమానాన్ని గట్టిగా కట్టేసి, బ్యాటరీ పెట్టి, థ్రాటిల్ పావు వంతు ఇవ్వండి. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి. మోటార్ వెంటనే ఆగాలి. ఆగకపోతే ఆ విమానం ఇల్లు దాటకూడదు. మళ్లీ బైండ్ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

రేంజ్ చెక్ కూడా అంతే. ట్రాన్స్‌మిటర్‌ను తక్కువ పవర్‌లో పెట్టి, మాన్యువల్‌లో చెప్పిన దూరం నడిచి, అన్ని సర్ఫేస్‌లూ (రెక్కల మీద, తోక మీద కదిలే భాగాలు) తడబడకుండా కదులుతున్నాయో చూడాలి. మోటార్ ఆఫ్‌లో ఒకసారి, మోటార్ తిరుగుతుండగా ఒకరు విమానాన్ని వెనక నుంచి పట్టుకుని ఉండగా ఇంకోసారి. కార్బన్ ఫైబర్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను ఆపేస్తుంది, కాబట్టి బాడీలో కార్బన్ ఉంటే యాంటెన్నా చివర్లు బయటికి రావాలి. రెండు యాంటెన్నాలుంటే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టండి. వైరు చివర కవచం లేకుండా ఉండే మూడు సెంటీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా, దాన్ని మడతపెట్టి లోపలికి తోసేయకండి.

ఫ్లట్టర్

వేగం విమానాలకే ప్రత్యేకమైన జబ్బు ఇది. వేగం ఒక హద్దు దాటాక ఐలరానో (రెక్క వెనక కదిలే అంచు) ఎలివేటరో (తోక మీద కదిలే అంచు) గాలికి జెండా కొట్టుకున్నట్టు కొట్టుకోవడం మొదలుపెడుతుంది. సెకనులో హింజ్ చిరిగిపోవచ్చు, సర్వో (ఆ అంచుల్ని కదిపే చిన్న మోటార్) పళ్లు ఊడిపోవచ్చు, రెక్కే విరిగిపోవచ్చు. కింద నిలబడ్డవాళ్లకు అది జుయ్యిమని తేనెటీగల తుట్టె కదిలినట్టు వినబడుతుంది. కొత్తవాళ్లు అది విమానం వేగానికి వచ్చే శబ్దం అనుకుని సంతోషపడతారు.

నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను. డైవ్ చేసి తీసుకొస్తుంటే రెండుసార్లు వినిపించింది. దింపి చూస్తే ఎడమ ఐలరాన్ సగం హింజ్ మీద వేలాడుతోంది. సర్వోను ఐలరాన్‌తో కలిపే పుష్‌రాడ్ అనే కడ్డీ దూరే రంధ్రం అరిగిపోయి కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. ఆ వదులే మొత్తానికీ కారణం.

కాబట్టి కరెంటు ఆన్‌లో ఉండగా, సర్వో బిగబట్టి ఉన్నప్పుడు, ప్రతి సర్ఫేస్ అంచునూ రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఆడించండి. మిల్లీమీటరు కంటే ఎక్కువ ఆడితే ఆ రోజు ఫుల్ థ్రాటిల్ వద్దు. సర్వో ఆర్మ్ స్క్రూ, క్లెవిస్ (పుష్‌రాడ్ కొసన ఉండే కొక్కెం), హింజ్ అన్నీ చూడండి. గాల్లో ఆ శబ్దం వినబడితే థ్రాటిల్ తగ్గించి, ముక్కు కొద్దిగా పైకెత్తి వేగం చావనివ్వండి. ఒక్కసారిగా లాగొద్దు. దింపాక లోపల విప్పి చూడకుండా మళ్లీ లేపొద్దు.

ఒక్కసారిగా లాగొద్దని ఎందుకంటున్నానంటే, 200 వేగంలో 30 మీటర్ల రేడియస్‌లో తిప్పితే పది జీల పైన, అంటే మామూలు బరువుకు పది రెట్లు మించి పడుతుంది. రెండు కిలోల విమానానికి అప్పుడు రెక్కల మీద బరువు ఇరవై కిలోలు. ఎప్పుడో విరిగితే అతికించుకున్న ఫోమ్ రెక్క ట్రైనర్ పనికి సరిపోయింది కదా అని దీనికీ సరిపోతుందనుకోకండి.

ప్రొపెల్లర్, బ్యాటరీ

9 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 640 కిలోమీటర్లు దాటుతుంది. అంచున గోటితో తగిలేంత గాటు ఉన్నా విరిచి పారేయండి. విరవకుండా పడేస్తే ఎవరో ఒకరు తీసి వాడతారు. మోటార్ తిరుగుతున్నప్పుడు ప్రొపెల్లర్‌కు పక్కగా, అది తిరిగే చక్రం వరుసలో ఎవరూ నిలబడకూడదు, ముక్క ఊడితే వచ్చేది అటే.

ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, చివర ఆఫ్. మోటార్ తిరగకుండా ఆపే థ్రాటిల్ కట్ స్విచ్ వేసి ఉంచాకే బ్యాటరీ కలపాలి. అదీ విమానాన్ని ఒకరు పట్టుకుని ఉండగా. ట్రాన్స్‌మిటర్‌లో వేరే మోడల్ సెలెక్ట్ అయి ఉండటం మనం అనుకునేదానికంటే ఎక్కువసార్లు జరుగుతుంది. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తిప్పితే కుడి ఐలరాన్ పైకి లేవాలి. నోటితో అంటూ చూడండి. వెనక ప్రొపెల్లర్ ఉన్న మోడల్‌ను చేత్తో విసిరేటప్పుడు, విమానం చేతిని దాటాకే మోటార్ ఇవ్వండి. వేళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) గురించి తెలిసిందే. సెల్‌కు 4.2 వోల్టుల మీదకు పోకూడదు, 3 వోల్టుల కిందకు రాకూడదు, ఉబ్బినది వాడకూడదు, చార్జింగ్ పెట్టి వెళ్లిపోకూడదు. టైమర్ పెట్టుకుని, బ్యాటరీలో కనీసం పావు వంతు మిగిలి ఉండగానే దింపండి, ల్యాండింగ్ మొదటిసారి కుదరకపోతే మళ్లీ లేపడానికి ఉండాలి.

టర్బైన్ సంగతి వేరు. లక్ష ఆర్‌పీఎం పైన తిరిగే ఇంజన్, వందల డిగ్రీల వేడి గాలి, పక్కనే కిరోసిన్. అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని అది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చేతికందే దూరంలో లేకుండా స్టార్ట్ చేయొద్దన్నది మాత్రం ఇక్కడే చెప్పేస్తున్నాను.

మైదానంలో

1.2 మీటర్ల విమానం 350 మీటర్ల దూరంలో ఎంత కనబడుతుందో తెలుసా? చెయ్యి చాచి పట్టుకున్న అగ్గిపుల్ల మందం. అంత దూరం పోనిస్తే ఎటు వాలిందో ఎవరికీ తెలియదు. 150 మీటర్ల దగ్గర ఒక చెట్టో స్తంభమో గుర్తు పెట్టుకుని అక్కడే తిప్పేయండి. రెక్కల కింద, పైన బాగా తేడా ఉన్న రంగులు వేయండి. సూర్యుడు ఎటున్నాడో చూసుకుని, ఆ ముక్క ఆకాశం ఆ రోజుకు లేదనుకోండి. పైలట్లు నిలబడే గీత వెనక్కి విమానం ఎప్పుడూ రాకూడదు. లేవగానే మొదటి మలుపు మనుషులకు దూరంగా ఉండాలి.

పక్కన స్పాటర్ తప్పనిసరి. స్పాటర్ పని విమానాన్ని చూడటం కాదు, విమానం తప్ప మిగతాదంతా చూడటం. ఎవరు నడుస్తున్నారు, పక్షి వస్తోందా, పెద్ద విమానం శబ్దం వినబడుతోందా. చిన్న మాటల్లో చెప్పాలి: "మనిషి", "పక్షి", "రన్‌వే ఖాళీ". ఆ మనిషి చేతిలో ఫోన్ పెట్టుకుని వీడియో తీస్తుంటే మీకు స్పాటర్ లేనట్టే. స్తంభాల చుట్టూ తిప్పే పైలాన్ రేసుల్లో ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా కోర్సు దగ్గర హెల్మెట్ పెట్టుకునే నిలబడతారు. మనకేం చిన్నతనం?

మొదటి ఫ్లైట్ సగం థ్రాటిల్‌తోనే. బాగా ఎత్తుకు తీసుకెళ్లి, థ్రాటిల్ తగ్గించి, ఏ వేగం దగ్గర గాలి పట్టు తప్పి రెక్క వాలిపోతోందో చూసుకోండి. ల్యాండింగ్‌లో ఆ వేగానికి బాగా పైన ఉండాలి. ఎక్కువ విమానాలు పోయేది చివరి మలుపులో, వేగం చచ్చాక రన్‌వే దాటిపోతున్నామని గట్టిగా లాగినప్పుడు. మోటార్ ఆగిపోతే "డెడ్ స్టిక్" అని అరిచి ఎదురుగా ఉన్న గడ్డిలో దింపేయండి. రన్‌వే కోసం మనుషుల మీదుగా వెనక్కి తిప్పకండి.

అలసిపోయాక ఎగరేయొద్దు. నిండు బ్యాటరీ మిగిలిపోతే ఇంటికెళ్లి స్టోరేజ్ వోల్టేజీకి (దాచిపెట్టడానికి సరిపోయే చార్జికి) దించుకోవచ్చు. నా నాలుగో ఫ్లైట్‌కు ఆ ఒక్క బ్యాటరీయే కారణం.

కూలిపోతే పరుగెత్తకండి. ముందు మనుషులందరూ బాగున్నారో లేదో చూడండి. మిగతా పైలట్లకు చెప్పి, విమానాలు దిగాకే మైదానంలోకి వెళ్లండి. థ్రాటిల్ కట్ వేసే ఉంచి, ముందు బ్యాటరీ ఊడదీయండి. నలిగిన లైపో వెంటనే అంటుకోకపోవచ్చు, ఇరవై ముప్పై నిమిషాల తర్వాత కూడా పొగ రావచ్చు. దాన్ని ఎండు గడ్డి మీద వదలకుండా, కారులో పెట్టకుండా, మట్టి నేల మీద అందరికీ కనబడేలా పెట్టి, ఒకరు దగ్గర్లోనే ఉండండి.