69 కమారోను విప్పే ముందు

చలికాలం రాగానే అమెరికా గ్యారేజీల్లో పాత మజిల్ కార్లు, అంటే పెద్ద ఇంజిన్‌తో దూసుకెళ్లే కార్లు, ఊడదీయడం మొదలవుతుంది. ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిన్ ఉన్న 1969 షెవ్రొలే కమారోను ఆనాటి భాగాలతోనే నిలబెట్టదలచినవారు పానా పట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఇంజిన్ బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన దిమ్మ) పైతలం చెక్కవద్దని మెషిన్ షాపుకు కాగితం మీద రాసివ్వండి. కుడివైపు సిలిండర్ హెడ్ ముందున్న చిన్న చదునులో ఇంజిన్ తయారీ తేదీ, రకం కోడ్, చాలావాటిలో కారు నంబరు అంకెలు కొట్టి ఉంటాయి. వెంట్రుకవాసి చెక్కినా అవి పోతాయి. ఇక అది అసలు ఇంజినేనని మీరెంత మొత్తుకున్నా కొనేవాడు నమ్మడు.

• కొనే ముందు తేదీ కోడ్ చదవండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య గోడ) మీది రేకుపై 03సి అంటే కారు తయారైంది మార్చి మూడో వారం. ఆ కారుకు బి 14 9, అంటే 1969 ఫిబ్రవరి 14న పోసిన బ్లాకు సరిపోతుంది. కారు తయారయ్యాక పోసిన ఏప్రిల్ బ్లాకు ఎంత మెరిసినా సరిపోదు.

• కడగకముందే ఫోటోలు తీయండి. జిడ్డు కింద ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన రంగు చుక్కలు, సుద్ద గీతలు ఉంటాయి. ఒక్క తుడుపుకే పోతాయి.

• తుప్పు పట్టిన భాగమైనా పారేయకండి. దాని బదులు కొన్న కొత్త నకలు భాగంలో బోల్టు రంధ్రం కాస్త పక్కకుంటే కొలతకు అదే ఆధారం.

• కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (వాల్వులను తెరిచే, చదును ట్యాపెట్ల మీద రాసుకుంటూ తిరిగే కడ్డీ) వేస్తే జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయండి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకుండా దాదాపు 20 నిమిషాలు 2000 ఆర్‌పిఎం పైనే తిప్పండి. లేకపోతే క్యామ్ అరిగిపోతుంది.