చిన్న గీతకు క్లెయిమ్ పెట్టే ముందు ఒక లెక్క

కారు బీమా ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ భాగాన్ని ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కనుక అందులో బేరాలకు తావు లేదు. సొంత నష్టానికి సంబంధించిన రెండో భాగం మాత్రం బండి ప్రస్తుత విలువ, దాని వయసు, రిజిస్ట్రేషన్ జరిగిన ఊరు వంటి వాటిపై ఆధారపడుతుంది. బీమా రేట్ల కోసం ఊళ్లను విభజించిన రెండు జోన్లలో హైదరాబాద్ ఎ జోన్‌లోనూ, విజయవాడ బి జోన్‌లోనూ ఉండటం వల్ల ఒకే కారుకైనా రేటులో కొద్ది తేడా వస్తుంది.

అయితే మన చేతిలో ఉన్న అసలైన మీట నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదులను బట్టి సొంత నష్టం ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గుతుంది. ఆ ప్రీమియం 10,000 రూపాయలనుకుంటే, 50 శాతం బోనస్ ఉన్నవారు 5,000 చెల్లిస్తే చాలు. బంపర్ గీతకు 4,000 రూపాయల క్లెయిమ్ పెడితే బోనస్ సున్నాకు పడిపోయి, మళ్లీ 50 శాతానికి చేరేలోగా ఐదేళ్లలో సుమారు 12,500 రూపాయలు అదనంగా కట్టాల్సి వస్తుంది. పైగా తప్పనిసరి కోత (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం), ప్లాస్టిక్ భాగాల తరుగుదల పోగా ఆ 4,000 కూడా పూర్తిగా చేతికి రాదు.

ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత బండి అమ్మినప్పుడు బీమా సంస్థను బోనస్ ధ్రువపత్రం అడిగి తీసుకుంటే కొత్త బండికి వాడుకోవచ్చు. పాలసీ గడువు ముగిశాక 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే మాత్రం బోనస్ పూర్తిగా రద్దవుతుంది.