చేప ఎముక మీద వయసు గీతలు లెక్క కుదరట్లేదా? తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో మొప్ప మూత ఎముక మీద గీతలు లెక్కపెట్టి చేప వయసు చెప్పడం మామూలే, కానీ పుస్తకంలో ఫోటో చూసి మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే మన రోహు ఎముక ఆ ఫోటోలా అస్సలు ఉండదు. ఈ పద్ధతి మీద బాగా పేరున్న పని చలిదేశాల్లో జరిగింది, ఇంగ్లండ్‌లో విండర్‌మియర్ సరస్సు పెర్చ్ చేపల మొప్ప మూతల మీద లె క్రెన్ అనే శాస్త్రవేత్త 1947లో వేసిన పేపర్ లాంటివి. అక్కడ చలికాలం వస్తే ఎదుగుదల దాదాపు ఆగిపోయి గీత పడుతుంది. గోదావరి నీళ్లు అంతలా చల్లబడవు కదా, సగం తలనొప్పులు అక్కడి నుంచే.

గీతలే కనపడట్లేదు, ఎముకంతా మసకగా ఉంది

ఎక్కువసేపు ఉడికించి ఉంటారు, లేదంటే కొవ్వు పూర్తిగా పోలేదు. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, పాత టూత్ బ్రష్‌తో పొర, కండ గీకేసి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లొస్తాయి. తెల్లబడాలని బ్లీచింగ్‌లో నానబెట్టొద్దు, పలచగా ఉండే అంచు తినేస్తుంది, చివరి గీత ఉండేదే అక్కడ. అప్పటికీ మసకగానే ఉంటే కొంచెం గ్లిజరిన్ రాసి చూడండి.

అన్నట్టు మార్కెట్‌లో తలకాయలు చవగ్గా వస్తాయని అవొక్కటే తెచ్చుకుంటారు కొందరు. కోయకముందే పొడవు, బరువు రాసుకోకపోతే వయసు తెలిసినా ఎదుగుదల లెక్క వెయ్యలేరు.

ఒకే ఎముక, ఇద్దరికీ వేరే లెక్క

ముందు లైట్ ఎటు నుంచి పడుతుందో అడగండి. నల్ల గుడ్డ మీద పెట్టి పైనుంచి లైట్ వేస్తే బాగా పెరిగిన కాలం తెల్లటి పట్టీగా, ఎదుగుదల తగ్గిన కాలం నల్లటి గీతగా కనిపిస్తుంది. కింద నుంచి లైట్ వేస్తే మొత్తం తిరగబడుతుంది. ఒకటే పద్ధతి ఫిక్స్ చేసుకుని, చేప పొడవు చూడకుండా ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టాలి. పొడవు తెలిస్తే చెయ్యి దానంతటదే పెద్ద చేపకి ఇంకో గీత కలిపేస్తుంది.

పెద్ద చేపలో ఒక గీత తక్కువొస్తోంది

మొప్ప మూత తలకి అతుక్కునే కీలు దగ్గర ఏటేటా మందమవుతుంది, దాని కింద మొదటి గీత దాక్కుంటుంది. ఏడాది పిల్లల ఎముకలు కొన్ని తీసి కీలు నుంచి మొదటి గీత దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచిపెట్టుకోండి, పెద్ద ఎముకలో ఆ దూరంలో ఏమీ లేకపోతే అది కప్పబడిందని అర్థం.

చెరువు చేపకి గీతలు ఎక్కువ, లేదా అసలు లేవు

ఇది మన దగ్గర స్పెషల్. కొల్లేరు చుట్టుపక్కల చాలా చెరువుల్లో చిన్న పిల్లని నేరుగా వదలరు, ఏడాది దాకా కిక్కిరిసిన చెరువులో ఎదక్కుండా ఆపి తర్వాత పెద్ద చెరువులో వేస్తారు, అక్కడ తవుడు, చెక్క పడేసరికి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మార్పు దగ్గర ఎముక మీద గట్టి గీత పడొచ్చు. అది వయసు గీత కాదు, చెరువు మారిన గీత. ఏడాది పొడవునా మేత పడే చేపకి గీత సరిగా పడకపోవచ్చు కూడా. రైతుని అడిగితే ఎప్పుడు వేశారో చెప్తారు, అసలు వయసు తెలిసిన చేప దొరకడం అదృష్టం, దాన్ని నది చేపల్లో కలిపేసి పాడుచేసుకోకండి.

నది చేపలోనూ దొంగ గీతలుంటాయి. గుడ్లు పెట్టడం, నీళ్లు అడుగంటి మేత దొరక్కపోవడం, రోగం, ఏదైనా గీత గీసేయగలదు. నిజమైనది ఎముక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగకుండా నడుస్తుంది, కుడి ఎడమ రెండు మూతల్లోనూ ఒకే చోట ఉంటుంది, వెన్నుపూసలో కూడా దొరికితే ఇంకా మంచిది.

అసలు ప్రశ్న మాత్రం వేరే: ఏడాదికి ఒక్క గీతేనా? నా మటుకు నాకు ఇది తేల్చకుండా రాసిన వయసు టేబుల్‌కి విలువ లేదు. ప్రతి నెలా చేపలు తెచ్చి చివరి గీత నుంచి అంచు దాకా దూరం కొలిచి నెలవారీ సగటు గ్రాఫ్ వెయ్యండి. ఏడాదిలో ఒక్కసారి పడిపోతే ఏడాదికో గీత. రెండుసార్లు పడిపోతే మీరు నాలుగేళ్లనుకున్న చేపకి రెండేళ్లే.

వాలుగ, జెల్లల సంగతి

వీటికి గీతలు లెక్కపెట్టడానికి పొలుసులుండవు కాబట్టి రొమ్ము ముల్లు (మొప్పల వెనక రెక్కకి ముందుండే గట్టి ముల్లు) అడ్డంగా కోసి చూస్తారు. వయసు పెరిగేకొద్దీ ముల్లు మధ్యలో ఉండే ఖాళీ పెద్దదై మొదటి గీతల్ని మింగేస్తుంది. కాబట్టి ముల్లు మొదలు దగ్గరే కొయ్యండి, వెన్నుపూసతో సరిచూడండి.

ముసలి చేపకి వయసు తక్కువ చూపిస్తోంది

చివర్లో గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తాయి, మూత ఎముకతో పని అవ్వదు, చెవి రాయి (తల లోపల చెవిలో ఉండే చిన్న రాయి) పలచగా కోసి చూడాల్సిందే. అమెరికాలో బిగ్‌మౌత్ బఫెలో అనే చేప మహా అయితే 26 ఏళ్లు బతుకుతుందనుకునేవాళ్లు, 2019లో చెవి రాళ్లు కోసి చూస్తే ఒకటి 112 ఏళ్లది తేలింది! రోహు, బొచ్చెల్లో సజిట్టా అనే చెవి రాయి సూదిలా సన్నగా ఉండి తీస్తుంటేనే విరుగుతుంది, లాపిల్లస్ అనే ఇంకో చెవి రాయి తీసుకోండి.

వయసు సరే, పాత పొడవులు తేడాగా వస్తున్నాయి

ఒక్కో గీత పడినప్పుడు చేప ఎంత పొడవుండేదో లెక్కేయడానికి నేరుగా నిష్పత్తి వేసేసి ఉంటారు. 40 సెంటీమీటర్ల చేప, ఎముక 20 మిల్లీమీటర్లు, మొదటి గీత 8 దగ్గర ఉందనుకోండి, నిష్పత్తి ప్రకారం మొదటి ఏడాదికి 16 సెంటీమీటర్లు. కానీ పిల్ల కొంత పొడవు పెరిగాకే మూత ఎముక మొదలవుతుంది, అందుకే చేప పొడవుకీ ఎముకకీ గ్రాఫ్ వేస్తే ఎముక సున్నా ఉన్నచోట ఆ గ్రాఫ్ రేఖ పొడవు సున్నా దగ్గర కాకుండా పైన తగులుతుంది. అది 3 సెంటీమీటర్లయితే మిగిలిన 37లో 0.4 వంతు 14.8, దానికి 3 కలిపితే 17.8. ఇలా సరిచేశాక కూడా ముసలి చేపల నుంచి లెక్కేసిన మొదటి ఏడాది పొడవు చిన్న చేపల నుంచి వచ్చినదానికంటే తక్కువగా ఉంటే దాన్ని లీ ఫినామినన్ అంటారు, త్వరగా పెరిగినవి ముందే వలకి చిక్కిపోయి నెమ్మదిగా పెరిగినవే ముసలివయ్యేదాకా మిగలడం ఒక కారణం. అప్పుడు ఫార్ములా మార్చి లాభం లేదు, వేర్వేరు కన్ను సైజుల వలలతో చేపలు తెప్పించుకోండి.