దసరా ఆఫర్ల భోజనం: చీటీ మీద ఫోన్ నంబరు రాసే ముందు

దసరా దగ్గర పడిందంటే విజయవాడలో ఫ్లెక్సీలు మొలుస్తాయి. రెండు బిర్యానీలకు ఒకటి ఉచితం, పుట్టినరోజు వారికి భోజనం ఉచితం, రూపాయి నోటు తెస్తే ప్లేటు బిర్యానీ. నేనూ వీటి వెంట పడే మనిషినే కాబట్టి నీతులు చెప్పను. ఎక్కడెక్కడ కాలు జారుతుందో మాత్రం చెబుతాను.

అన్నిటికన్నా ఖరీదైనది లక్కీ డ్రా భోజనం. నిరుడు బట్టలు కొని బయటికి వస్తుంటే ఒక కుర్రాడు చీటీ చేతికిచ్చాడు. పేరు, ఫోన్ నంబరు, పెళ్లయిందా, కారు ఉందా అని నాలుగు గళ్లు. భోజనానికీ కారుకూ ఏమి సంబంధమో నాకు అప్పుడు తట్టలేదు. వారం తిరగకుండా ఫోన్ వచ్చింది. "మీ చీటీ తగిలింది సార్, ఇద్దరికీ పెద్ద హోటల్లో విందు. మేడమ్ గారిని తప్పకుండా తీసుకురండి."

వెళ్లాము. భోజనాల గది దాటించి పై అంతస్తు హాలుకు తీసుకెళ్లారు. రెండున్నర గంటలు రిసార్టు సభ్యత్వం గురించి చెప్పారు. ఈ ధర ఈ రాత్రికే అన్నారు. మధ్యమధ్య ఎవరో సభ్యులయ్యారని చప్పట్లు. ఇద్దరూ కలిసి రావాలనడంలో కిటుకు అప్పుడు అర్థమయింది: ఇంట్లో అడిగి చెబుతాను అనే దారి ముందే మూసేశారు. కార్డు తేలేదని మా ఆవిడ గట్టిగా చెప్పబట్టి బయటపడ్డాము. చివర్లో చేతిలో పెట్టింది విందు కాదు, కూపన్. సోమవారం నుంచి గురువారం వరకే, శాకాహారమే, ముందుగా బుక్ చేసుకుంటేనే చెల్లుతుందట.

అలాంటి ఫోన్ వస్తే అక్కడ ఏమి అమ్ముతారని ముందే అడగండి. వెళ్లక తప్పదనుకుంటే కార్డులు ఇంట్లో పెట్టి వెళ్లండి. అమరావతి వైపు ప్లాట్లు చూపించి భోజనం పెడతామనే వారిదీ ఇదే బాణీ. తినండి, కానీ ఏపీ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనుమతి మీరు స్వయంగా సరిచూసుకునే దాకా టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి.

ఉచిత థాలీ అంటూ వాట్సాప్‌లో లింకో, ఏపీకే ఫైలో (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవవద్దు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ఇక బిల్లు. ఆఫర్ పార్సిల్‌కు వర్తిస్తుందా, పండగ రోజుల్లో ఉందా అన్నది ఆర్డరు చెప్పకముందే అడగాలి. తగ్గింపును బిల్లులోనే చూపిస్తే, అది పోను మిగిలిన మొత్తం మీదే జీఎస్టీ వేయాలి. సర్వీసు ఛార్జీ తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నీళ్ల సీసా మీద మాత్రం గొడవ పడకండి. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది.

రూపాయి బిర్యానీ వరుసలోకి పిల్లలను తీసుకెళ్లవద్దు. తోపులాట మొదలైతే బిర్యానీ మాట దేవుడెరుగు, చెప్పులు కూడా మిగలవు. గుట్టగా కట్టి పెట్టిన పొట్లాన్ని తాకి చూడండి, చల్లారి ఉంటే వదిలేయండి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో ఒక రకం బాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఏ చీటీ రాయించుకోకుండా అన్నం పెట్టే చోట్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి. అన్న క్యాంటీన్లో పూట భోజనం 5 రూపాయలు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి అన్నప్రసాదం ఉచితం. అయితే దసరాల్లో మూలా నక్షత్రం రోజున కొండకు జనం పోటెత్తుతారు, భోజనం కోసమే అయితే ఇంకో రోజు ఎక్కండి.